ఏఐ ఏజెంట్‌కి డొమైన్ చెకింగ్ టూల్ కొనబోతున్నారా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

చిన్న వ్యాపారాలకు వెబ్‌సైట్లు చేసిపెట్టేవాళ్లు, ఆ పనిలో ఏఐ ఏజెంట్లు (మన తరఫున పనులు తామే చేసే ఏఐ ప్రోగ్రాంలు) వాడుతున్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. డొమైన్ పేరు, అంటే వెబ్‌సైట్ అడ్రస్, ఖాళీగా ఉందో లేదో ఏజెంటే చూసుకునేలా మేం ఒక టూల్ తీసుకున్నాం, క్రెడిట్లకు (వాడకానికి తగ్గట్టు ఖర్చయ్యే బ్యాలెన్స్) ముందే డబ్బు కట్టాం. దాని పేరు రాయడం లేదు. ఇలాంటివి ఇప్పుడు చాలా అమ్ముతున్నారు కాబట్టి లోపం ఎక్కడుందో తెలిస్తే ఏ పేరుతో వచ్చినా మీరు పట్టుకోగలరు.

తనకు తెలియనప్పుడు కూడా ఆ టూల్ "ఖాళీగా ఉంది" అనే చెబుతుంది. అసలు లోపం అదే.

డాక్యుమెంటేషన్ పైకి బాగానే ఉంటుంది. పేరు పంపండి, ట్రూ (ఖాళీ) అనో ఫాల్స్ (ఖాళీ లేదు) అనో వస్తుంది, అంతా రియల్ టైమ్ అని రాశారు. టైమౌట్ అయితే ఏం వస్తుంది, రిజిస్ట్రీ (పేర్ల అసలు రికార్డు ఉంచే సంస్థ) సర్వర్ జవాబివ్వకపోతే ఏం వస్తుంది, ఫలానా ఎక్స్‌టెన్షన్‌ను (పేరు చివర డాట్ కామ్ లాంటిది) చూసే సౌకర్యమే లేకపోతే ఏం వస్తుంది అన్నదాని గురించి ఒక్క ముక్క లేదు. మనిషైతే అనుమానం వచ్చి ఇంకోచోట చూసుకుంటాడు. ఏజెంట్‌కి టూల్ వివరణలో రాసిందే ప్రమాణం. అక్కడ "తెలియదు" అనే జవాబే లేకపోతే అది ట్రూని నమ్మి ముందుకెళ్లిపోతుంది.

మా క్లయింట్ ఒకాయనది విజయవాడలో పచ్చళ్ల వ్యాపారం. ఏజెంట్ ఖాళీ అని చెప్పిన పేరుతో బోర్డు రాయించారు, ప్యాకెట్ల మీద అడ్రస్ అచ్చు వేయించారు. తీరా కొనబోతే అది ఎవరో ఎప్పుడో రిజిస్టర్ చేసుకున్న పేరు. ఆ ప్యాకెట్లన్నీ వృథా. కష్టపడి కూడబెట్టుకున్న డబ్బు అలా పోతే ఆయన ఎంత బాధపడ్డారో చూశాను కాబట్టే ఇది రాస్తున్నాను.

తర్వాత లాగ్‌లు, అంటే టూల్‌కి ఏం పంపామో ఏం వచ్చిందో ఉన్న రికార్డులు, తీసి చూశాం. డాట్ కామ్ లాంటి వాటికి పేరు ఎవరిదో చూపే పాత పద్ధతి హూఈజ్ 2025 జనవరి 28 నుంచి తప్పనిసరి కాదు. దాని స్థానంలో ఆర్‌డాప్ (RDAP) అనే కొత్త పద్ధతి వచ్చింది. పేరు రికార్డుల్లో లేకపోతే ఆర్‌డాప్ సర్వర్ 404 అనే కోడ్ ఇస్తుంది. మరీ ఎక్కువసార్లు అడిగితే 429 ఇస్తుంది, అంటే కాసేపు ఆగమని. ఈ రెండింటికీ పొంతనే లేదు. మా పరీక్షలో పేర్లను గబగబా పంపితే ట్రూ వచ్చింది, అవే పేర్లు కాసేపాగి ఒక్కొక్కటిగా పంపితే ఫాల్స్ వచ్చింది. అంటే 404నే కాక 429 లాంటి తప్పులను కూడా ఖాళీ కిందే లెక్కేస్తున్నట్టు. ఏజెంట్ సాధారణంగా పేర్లను గుంపుగానే పంపుతుంది. కాబట్టి పని ఎంత ఎక్కువైతే అబద్ధాలు అంత ఎక్కువ!

కొన్ని టూల్స్ ఆర్‌డాప్ దాకా కూడా వెళ్లవు, డీఎన్‌ఎస్ (పేరు ఏ సర్వర్‌కి వెళ్లాలో చెప్పే వ్యవస్థ) చూసి ఊరుకుంటాయి. నేమ్ సర్వర్లు (పేరుకి డీఎన్‌ఎస్ జవాబిచ్చే సర్వర్లు) పెట్టని పేరు, హోల్డ్‌లో ఉన్న, అంటే ప్రస్తుతానికి ఆపేసిన పేరు డీఎన్‌ఎస్‌లో కనిపించవు, అయినా వాటికి యజమాని ఉంటాడు. గడువు దాటాక రద్దయిన డాట్ కామ్ పేరు కూడా 30 రోజులు రిడెంప్షన్‌లో (పాత యజమాని వెనక్కి తీసుకునే గడువు), ఆపైన 5 రోజులు పెండింగ్ డిలీట్‌లో (తొలగింపు కోసం ఎదురుచూసే దశ) ఉంటుంది. ఆ రోజుల్లో సైట్ తెరుచుకోదు, కానీ ఆ పేరు ఇంకెవరూ కొనలేరు. 404 వచ్చినా సరే, రిజిస్ట్రీ తన దగ్గరే అట్టిపెట్టుకున్న పేరు కావచ్చు, ప్రీమియం ధర పలికే పేరు కావచ్చు. అది తేలేది రిజిస్ట్రార్ (పేర్లు అమ్మే సంస్థ) దగ్గరే. నిజాయితీ ఉన్న డాక్యుమెంటేషన్ ఈ సంగతి మొదటి పేజీలోనే చెబుతుంది.

కొనేముందు ఉచిత ట్రయల్ అడగండి. ఏదో ఒక పేరుకి డాట్ ఇన్వాలిడ్ (.invalid) తగిలించి పంపండి. ఆ ఎక్స్‌టెన్షన్‌ను ఎవరికీ అమ్మకూడదని 1999లోనే పక్కన పెట్టేశారు. దానికి ట్రూ వస్తే ఇంకేం చూడక్కర్లేదు, వదిలేయండి. తెలుగు లిపిలో డాట్ భారత్ పేరు, అదీ ఇప్పటికే నడుస్తున్నది, ఒకటి పంపి చూడండి. మాకు ట్రూ అనే వచ్చింది. డాట్ భారత్ లాంటి దేశాల ఎక్స్‌టెన్షన్లకు ఆర్‌డాప్ నిబంధన వర్తించదు కాబట్టి టూల్ వాళ్లను వేటికి జవాబు ఇవ్వగలరో జాబితా అడగండి. మనం వెతికిన పేర్లు వాళ్లు దాచుకుంటారా అని కూడా రాతపూర్వకంగా అడగండి. 2008లో అమెరికాలో ఒక పెద్ద రిజిస్ట్రార్ జనం వెతికిన పేర్లను తన పేరు మీదే పట్టి ఉంచితే పెద్ద గొడవైంది, కోర్టు దాకా వెళ్లింది.

సపోర్ట్ వాళ్లకు లాగ్‌లన్నీ పంపాం. "తుది నిర్ధారణ కొనుగోలుదారుదే అని షరతుల్లో ఉంది, క్రెడిట్లకు రీఫండ్ లేదు" అన్నారు. ఆ షరతు డాక్యుమెంటేషన్‌లో ఎక్కడా లేదు, ఏజెంట్ చదివే వివరణలో అసలే లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు ఇచ్చాం. మీరూ ఇరుక్కుని ఉంటే బిల్లు, లాగ్‌లు, డాక్యుమెంటేషన్ స్క్రీన్‌షాట్లు ఇవాళే దాచుకోండి, ఆ పేజీలు ఎప్పుడైనా మార్చేయగలరు. క్రెడిట్ల ఆటో రీచార్జ్ ఆన్‌లో ఉంటే ముందు అది ఆపండి.