గర్భిణుల కోసం ఇంట్లో బీపీ మెషిన్ కొంటున్నారా? ముందు ఇది చదవండి

మణికట్టుకు కట్టుకునే ఆ చిన్న బీపీ మెషిన్‌ను మీలో చాలామంది ఆన్‌లైన్‌లో చూసే ఉంటారు. నా భార్యకు ఎనిమిదో నెలలో బీపీ 140/90 దాటిందని, రోజూ రెండు పూటలా ఇంట్లో చూసి రాసుకోమని డాక్టరుగారు చెబితే, తేలిగ్గా ఉంటుందని నేను అదే తెప్పించాను. పది రోజులూ 120/78కి అటూ ఇటూగా చూపించింది. పదకొండో రోజు ఉదయం ఆమె విపరీతమైన తలనొప్పితో లేచి, కళ్ల ముందు మెరుపులు కనిపిస్తున్నాయని చెప్పినప్పుడు కూడా 122/80 అనే చూపిస్తే, బీపీ బాగానే ఉంది కదా, కాసేపు పడుకోమన్నది నేనే. అలా ఆరు గంటలు పోగొట్టాను.

ఆసుపత్రిలో నర్సుగారు మోచేతి పైన పట్టీ చుట్టి చూస్తే 164/112 ఉంది. ఆ వెంటనే అదే చేతికి మా మెషిన్ కట్టి చూస్తే 121/79! మూత్రంలో ప్రొటీన్ కూడా పోతోందని, ఇది తీవ్రమైన ప్రీఎక్లాంప్సియా (గర్భిణుల్లో బీపీ పెరిగి తల్లికీ బిడ్డకూ ప్రమాదం తెచ్చే జబ్బు) అని చెప్పి, బీపీ తగ్గే మందుతో పాటు ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ ఎక్కించారు. ఆమె ఇంకా ఆసుపత్రిలోనే ఉంది.

మర్నాడు వార్డు బయట నిలబడి అమ్మినవారికి ఫోన్ చేశాను. గర్భిణులకు వాడకూడదని లోపలి కాగితంలో ఉందని, చదువుకోవడం మా బాధ్యత అని అవతలి వ్యక్తి అన్నాడు. నాలుగు మడతల ఆ కాగితం వెనుక, చిట్టచివర, ఆవగింజలంత అక్షరాలతో నిజంగానే ఉంది. మరి అమ్మకం పేజీలో గర్భిణి బొమ్మ ఎందుకు పెట్టారని అడిగితే, “అది ప్రకటన కోసం సార్. అయినా మీ ఆవిడకు ఏమీ కాలేదు కదా, ఇంత గొడవ దేనికి?” అని ఫోన్ పెట్టేశాడు. గాజు తలుపుకు అవతల ఆమె చేతికి సెలైన్ కట్టి ఉండగా విన్న మాట అది. డబ్బు పోయినందుకు కాదు, ఆ మాటకే నా ఒళ్లు మండిపోతోంది.

కొనదలచినవారు మణికట్టుకు కాకుండా దండచేతికి (మోచేతికి పై భాగానికి) చుట్టే రకాన్ని, అదీ గర్భిణులపై ప్రత్యేకంగా పరీక్షించి ధ్రువీకరించిన మోడల్‌నే, చేతి లావుకు సరిపోయే పట్టీతో తీసుకోండి. ప్రీఎక్లాంప్సియాలో కొన్ని ఆటోమేటిక్ మెషిన్లు అసలు బీపీ కన్నా తక్కువ చూపిస్తాయని డాక్టరుగారు చెప్పారు కాబట్టి, కొన్నదాన్ని ఆసుపత్రి మెషిన్‌తో ఒకసారి పోల్చి చూపించుకోండి. తలనొప్పి తగ్గకపోయినా, చూపు మసకబారినా, పక్కటెముకల కింద నొప్పి వచ్చినా, ముఖం ఉన్నట్టుండి వాచినా, మెషిన్ ఎంత చూపిస్తున్నా సరే, వెంటనే ఆసుపత్రికి బయలుదేరండి.