జాగ్రత్త: మందుల చీటీ ఇవ్వకుండా టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు వేసే కేంద్రాలు

విజయవాడలో పురుషుల ఆరోగ్య కేంద్రం పేరుతో నడుస్తున్న ఒకచోట నా తమ్ముడికి నెలల తరబడి టెస్టోస్టెరాన్ అనే పురుష హార్మోను ఇంజెక్షన్లు వేశారు. ఆ కాలమంతటిలో వారు మందుల చీటీ ఒక్కటీ ఇవ్వలేదు, మందు పేరుతో బిల్లు ఇవ్వలేదు, ఈ మందు వాడినంత కాలం పిల్లలు పుట్టడం కష్టమవుతుందన్న ముక్క చెప్పలేదు. పెళ్లయి సంతానం కోసం ఎదురుచూస్తున్న మనిషికి ఇలా చేశారన్నది మా ఇంట్లో అందరినీ కలచివేసింది. విజయవాడ, గుంటూరులలో ఇదే చికిత్స కోసం డబ్బు కట్టే ఆలోచనలో ఉన్నవారు ముందే తెలుసుకోవాలని తమ్ముడి అనుమతితో ఇది రాస్తున్నాను. ఫిర్యాదులు అధికారుల దగ్గర ఉన్నందున ఆ కేంద్రం పేరు ఇక్కడ రాయడం లేదు.

మొదట ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. టెస్టోస్టెరాన్ మన దేశంలో నిషేధించిన మందు కాదు, మాదక ద్రవ్యాల చట్టం కిందికీ రాదు. వృషణాలు గానీ, మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి గానీ సరిగా పనిచేయక ఈ హార్మోను నిజంగా తగ్గిపోయిన పురుషులకు వైద్యులు దీన్ని రాస్తారు, వారు దానివల్ల మేలు పొందుతారు, అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. అయితే 1940 నాటి ఔషధాల చట్టం కింద 1945లో చేసిన నియమావళిలో పురుష హార్మోన్లు, కండలు పెంచే అనబాలిక్ మందులు షెడ్యూల్ హెచ్‌లో ఉన్నాయి. కాబట్టి రిజిస్టర్డ్ వైద్యుడు రాసిన చీటీ ఉంటేనే మందుల షాపు వీటిని అమ్మాలి. ఆ చీటీ మీద వైద్యుడి సంతకం, తేదీ, రోగి పేరు, చిరునామా, ఎంత మందు ఇవ్వాలి, ఏ మోతాదులో వాడాలి అన్నవి ఉండాలని అదే నియమావళిలోని 65వ నియమం చెబుతోంది. మళ్లీ మళ్లీ ఇవ్వవచ్చని వైద్యుడు రాస్తే తప్ప ఒక చీటీ మీద రెండోసారి మందు ఇవ్వకూడదు. ఊళ్లలో ఆర్ఎంపీ అని పిలుచుకునేవారు రాసిన కాగితం దీనికి చెల్లదు.

నా తమ్ముడు ఆటోనగర్‌లో విడిభాగాల వ్యాపారం చేస్తాడు. రాత్రి పొద్దుపోయేదాకా పని, సరిగా నిద్ర లేకపోవడం, నీరసం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం కొంతకాలంగా ఉన్నాయి. ఫోనులో పదే పదే కనిపించిన ప్రకటన చూసి ఆ కేంద్రానికి వెళ్లాడు. మధ్యాహ్నం భోజనం చేసి వెళ్లిన మనిషికి అప్పటికప్పుడు రక్తం తీసి, సాయంత్రానికల్లా హార్మోను తక్కువగా ఉందని చెప్పి, ₹42,000 ప్యాకేజీ కట్టించుకున్నారు. నిద్ర గురించి, వాడుతున్న మందుల గురించి, పిల్లల గురించి ఎవరూ అడగలేదు.

ఆ పరీక్ష దగ్గరే తప్పు మొదలైంది. టెస్టోస్టెరాన్ ఉదయం వేళ ఎక్కువగా ఉండి సాయంత్రానికి తగ్గుతుంది, భోజనం చేశాక కూడా తగ్గుతుంది. అందుకే ఉదయాన్నే, పరగడుపున, వేర్వేరు రోజుల్లో కనీసం రెండుసార్లు పరీక్ష చేసి, రెండింటిలోనూ తక్కువగా ఉండి, దానికి తగిన లక్షణాలు కూడా ఉంటేనే లోపం ఉన్నట్టు నిర్ధారించాలని అంతర్జాతీయ ఎండోక్రైన్ సొసైటీ 2018 మార్గదర్శకాలు చెబుతున్నాయి. డెసిలీటరుకు 300 నానోగ్రాముల కంటే తక్కువ అన్నది అమెరికా యూరాలజీ వైద్యుల సంఘం పెట్టుకున్న హద్దు. తక్కువని తేలినా అక్కడితో ఆగరు. లోపం వృషణాలలో ఉందా, పిట్యూటరీలో ఉందా తెలియడానికి పిట్యూటరీ విడుదల చేసే ఎల్‌హెచ్, ఎఫ్ఎస్‌హెచ్ హార్మోన్ల పరీక్షలు, అవసరాన్ని బట్టి ప్రోలాక్టిన్ అనే మరో హార్మోను చూస్తారు. నిద్రలేమి, స్థూలకాయం, అదుపులో లేని షుగరు, అప్పుడే వచ్చి తగ్గిన జ్వరం కూడా ఈ అంకెను కిందికి దింపుతాయి. తరువాత గుంటూరు కొత్తపేటలో మేము చూపించుకున్న ఎండోక్రినాలజిస్టు (హార్మోన్ల వైద్య నిపుణుడు) ఆ కేంద్రం ఇచ్చిన రిపోర్టు చూసి, ఈ ఒక్క కాగితం మీద తానైతే ఎవరికీ ఇంజెక్షన్ మొదలుపెట్టనని అన్నారు.

ఇంజెక్షన్ వేసిన పద్ధతి ఇంకా అనుమానాస్పదంగా ఉంది. మందును లోపలి గదిలోనే సిరంజిలోకి ఎక్కించి, అలా నింపిన సిరంజినే బయటికి తెచ్చేవారు. చివరిసారి నేను వెంట వెళ్లి సీసా చూపించమని గట్టిగా అడిగితే తెచ్చి చూపించారు. లేత పసుపు రంగు నూనెలాంటి ద్రవం అడుగున కొద్దిగా మిగిలి ఉంది. లేబులు మీద బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉండవలసిన చోట కాగితాన్ని గోటితో గీకేసినట్టు తెల్లగా ఉంది. అట్టపెట్టె ఏదని అడిగితే పారేశామన్నారు. చీటీ ఇవ్వమంటే అక్కడి మేనేజరు, "మందు మేమే ఇస్తున్నాం కదా సార్, ఇంక చీటీతో మీకేం పని?" అన్నాడు. చేతికిచ్చిన రసీదు మీద వెల్‌నెస్ ప్యాకేజీ అని తప్ప మందు పేరు లేదు. డాక్టరుగారి రిజిస్ట్రేషన్ నంబరు అడిగితే ఆయన ఇప్పుడు లేరని చెప్పి పంపించేశారు.

మేనేజరు మాటలో కొంత నిజం ఉన్నట్టు చాలామందికి అనిపిస్తుంది కాబట్టి దీన్ని వివరంగా రాస్తున్నాను. వైద్యుడు తన సొంత రోగికి తానే మందు ఇస్తే డ్రగ్ లైసెన్సు అక్కర్లేదన్న మినహాయింపు నియమావళిలోని షెడ్యూల్ కె లో నిజంగానే ఉంది. కానీ ఆ మినహాయింపు షరతులు లేనిది కాదు. ఇచ్చేది రిజిస్టర్డ్ వైద్యుడై ఉండాలి, దుకాణం తెరిచి అమ్మకూడదు, మందును లైసెన్సు ఉన్నవారి దగ్గరే కొని ఆ రికార్డులు తనిఖీకి సిద్ధంగా ఉంచాలి. షెడ్యూల్ హెచ్ మందైతే ఇచ్చే వైద్యుడి పేరు, చిరునామా దాని మీద ఉండాలి, రోగి పేరు, మోతాదు, తేదీ రిజిస్టరులో రాయాలి. వీటిలో ఏ ఒక్కటీ చూపించలేనివారు ఆ మినహాయింపు చాటున నిలబడలేరు. లైసెన్సు లేకుండా మందులు అమ్మితే 3 నుంచి 5 ఏళ్ల జైలు శిక్షకు చట్టంలో అవకాశం ఉంది. వైద్యుడిగా నమోదు కాకుండా వైద్యం చేస్తే జాతీయ వైద్య కమిషన్ చట్టం 2019 ప్రకారం ఏడాది వరకు జైలు, ₹5 లక్షల వరకు జరిమానా పడవచ్చు. చీటీ మీదా, రసీదు మీదా రిజిస్ట్రేషన్ నంబరు వేయాలని, రోగి అడిగితే 72 గంటల్లోగా రికార్డులు ఇవ్వాలని వైద్యుల ప్రవర్తనా నియమావళి 2002 నుంచీ చెబుతూనే ఉంది. మేము రాతపూర్వకంగా అడిగినా ఆ కేంద్రం ఇవ్వలేదు.

ఇక తమ్ముడికి జరిగిన నష్టం. బయటి నుంచి టెస్టోస్టెరాన్ అందుతుంటే, ఇక చాలన్నట్టుగా పిట్యూటరీ గ్రంథి ఎల్‌హెచ్, ఎఫ్ఎస్‌హెచ్ విడుదలను ఆపేస్తుంది. వాటి ప్రేరణ లేక వృషణాలలో వీర్యకణాల తయారీ పడిపోతుంది, కొందరిలో పూర్తిగా ఆగిపోతుంది. తొందరలో పిల్లలు కావాలనుకునే పురుషులకు ఈ చికిత్స వద్దని అన్ని మార్గదర్శకాలూ చెప్పేది ఇందుకే. అలాంటివారికి లోపం నిజంగా ఉంటే వైద్యులు వేరే మందులు ఎంచుకుంటారు. మా మరదలు సంతానం కోసం పరీక్షలు చేయించుకుంటుండగా తమ్ముడి వీర్య పరీక్ష కూడా చేశారు. అందులో కణాలు దాదాపు లేవు. ఇంజెక్షన్ల సంగతి అప్పుడు బయటపడింది. అన్ని నెలలూ మరదలు లోపం తనలోనే ఉందని కుమిలిపోయింది. ఇంజెక్షన్లు ఆపాక చాలామందిలో 6 నెలల నుంచి ఏడాదిలోపు కణాలు తిరిగి వస్తాయని, కొందరికి 2 ఏళ్లు కూడా పట్టవచ్చని గుంటూరు డాక్టరుగారు ధైర్యం చెప్పారు. ఆపిన మొదటి వారాల్లో మునుపటి కంటే ఎక్కువ నీరసం, దిగులు వస్తాయి, వాటినీ ఆయన పర్యవేక్షణలోనే దాటుతున్నాడు.

ఆ పరీక్షల్లోనే తమ్ముడి హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్ర కణాల వాటా, 54 శాతం దాటిందని తేలింది. ఈ మందు ఎర్ర రక్తకణాలను పెంచి రక్తాన్ని చిక్కబరుస్తుంది, 54 దాటితే మందు ఆపాలి. అందుకే మొదలుపెట్టే ముందు హెమటోక్రిట్, వయసును బట్టి ప్రోస్టేట్‌కు సంబంధించిన పీఎస్ఏ పరీక్ష చేసి, 3 నుంచి 6 నెలల్లో మళ్లీ చూసి, ఆ తరువాత ఏటా చూడాలి. గుండె విషయంలో భయమేమీ లేదని ప్రచారం చేసేవారు 2023లో వెలువడిన ట్రావర్స్ పరిశోధనను చూపిస్తారు. గుండెజబ్బు గానీ దాని ముప్పు గానీ ఉండి, హార్మోను తక్కువగా ఉన్న 5,000 మందికి పైగా పురుషులపై జరిగిన ఆ పరిశోధనలో గుండెపోటు, పక్షవాతం పెరగలేదన్న మాట నిజమే. అయితే గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడం, మూత్రపిండాలు దెబ్బతినడం మందు వాడినవారిలోనే ఎక్కువగా కనిపించాయన్న రెండో సగాన్ని ప్రకటనల్లో ఎక్కడా చెప్పరు.

అసలు ఆ ప్రకటనలే చట్టవిరుద్ధం. లైంగిక సామర్థ్యం పెంచుతామంటూ మందులను ప్రకటించడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మేజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. బందరు రోడ్డు మీద హోర్డింగు అయినా, ఫోనులో వచ్చే వీడియో అయినా అలాంటి హామీ కనబడితే ఆ సంస్థ మొదటి అడుగులోనే చట్టాన్ని దాటిందని గ్రహించండి.

జిమ్‌లో కోచ్ తెప్పించి ఇచ్చే సీసాలదీ ఇదే పరిస్థితి, వాటి వెనుక లైసెన్సూ ఉండదు, వైద్యుడూ ఉండడు. పోటీల్లో పాల్గొనే క్రీడాకారులకు ఇది నిషేధిత పదార్థం కూడా. అమెరికాలో ఉన్న బంధువుల మాట విని నడుచుకునేవారు గమనించవలసింది ఒకటుంది. అక్కడ 1990లో వచ్చిన చట్టంతో టెస్టోస్టెరాన్ నియంత్రిత పదార్థాల మూడో షెడ్యూలులో చేరింది, ఆ దేశపు నిబంధనలు, అక్కడి డాక్టరు చీటీ ఇక్కడి షాపులకు వర్తించవు. విదేశం నుంచి వచ్చే ప్రయాణికుడు తన సొంత వాడకానికి మందు తెచ్చుకోవచ్చు, ఒక్కో మందు 100 సగటు మోతాదులకు మించకూడదు. మరొకరి కోసం తేవడానికి ఆ వెసులుబాటు లేదు.

డబ్బు కట్టకముందే డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు అడిగి తీసుకుని, జాతీయ వైద్య కమిషన్ వెబ్‌సైటులోని రిజిస్టరులో వెతకండి, అది నిమిషాల పని. ప్రైవేటు ఆసుపత్రులు, క్లినిక్‌ల నమోదుకు మన రాష్ట్రంలో 2002 నాటి చట్టం ఉంది, ఆ ధ్రువపత్రం గోడ మీద ఉందో లేదో చూడండి. చీటీ తీసుకుని, మందును మీరే లైసెన్సు ఉన్న షాపులో బ్యాచ్ నంబరుతో బిల్లు వేయించుకుని కొని, సీల్ మీ కళ్లముందే తీయమనండి. నిజమైన వైద్యులెవరూ దీనికి అభ్యంతరం చెప్పరు.

ఇప్పటికే ఇలాంటి చోట ఇంజెక్షన్లు వేయించుకున్నవారు మొదట అర్హత ఉన్న ఎండోక్రినాలజిస్టును గానీ యూరాలజిస్టును గానీ కలవండి. మందు అమ్మకం మీద ఫిర్యాదు డ్రగ్ ఇన్‌స్పెక్టరుకు, కేంద్రం మీద జిల్లా వైద్య ఆరోగ్య అధికారికి, వైద్యుడి మీద ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్‌కు ఇవ్వాలి. డబ్బు, నష్టపరిహారం కోసం జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, 1915 నంబరుకు ఫోను చేస్తే దారి చెబుతారు. ఖాళీ సీసా గానీ, రసీదు గానీ, ఫోనులో వచ్చిన సందేశాలు గానీ ఏవీ పారేయకండి. వాడకుండా మిగిలిన సీసా ఉంటే ఔషధాల చట్టంలోని 26వ సెక్షన్ కింద కొనుగోలుదారు ఎవరైనా రుసుము చెల్లించి ప్రభుత్వ విశ్లేషకుడి చేత దాన్ని పరీక్ష చేయించుకోవచ్చు, ఆ నివేదిక సంతకంతో మీ చేతికి వస్తుంది. మా దగ్గర ఒక్క సీసా కూడా మిగలలేదు. మీలో ఎవరి దగ్గరైనా ఉంటే దాన్ని తెరవకుండా డ్రగ్ ఇన్‌స్పెక్టరు కార్యాలయానికి తీసుకువెళ్లండి.