అణువుల సిమ్యులేషన్‌కు సీటీసీలో చేయించిన జీపీయూ మెషీన్

ప్రొటీన్లు ఎలా కదులుతాయో సిమ్యులేట్ చేయడం మా ల్యాబ్ పని. అందుకోసం సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ (సీటీసీ)లో ఆర్‌టీఎక్స్ 4090 గ్రాఫిక్స్ కార్డు (జీపీయూ)తో మెషీన్ అసెంబుల్ చేయించాం. షాపాయన గేమింగ్‌కనుకుని రంగురంగుల లైట్ల క్యాబినెట్ చూపించాడు. "లైట్లొద్దన్నా, వారాల తరబడి ఆగకుండా నడవాలి" అనగానే విషయం పట్టేశాడు. కార్డే 450 వాట్లు లాగుతుంది కాబట్టి 1000 వాట్ల పవర్ సప్లై, ముందువైపు జాలీ ఉన్న క్యాబినెట్ ఆయనే తీసిచ్చాడు. మంచి మనిషి.

సిమ్యులేషన్ చేసే సాఫ్ట్‌వేర్ గ్రోమాక్స్ దీని మీద బ్రహ్మాండంగా నడుస్తోంది. ఒక్కో అడుగుకు సిమ్యులేషన్‌లో కాలం జరిగేది 2 ఫెమ్టోసెకన్లే (సెకనును పది కోట్ల కోట్ల భాగాలు చేస్తే అందులో ఒకటి ఫెమ్టోసెకను). మైక్రోసెకను (సెకనులో పది లక్షల వంతు) పాటు కదలిక చూడాలంటే 50 కోట్ల అడుగులు. చిన్న ప్రొటీన్‌కైతే రోజుల్లో తేలిపోతోంది.

మిల్లీసెకన్లు కావాలంటే మాత్రం ఆంటన్ సూపర్ కంప్యూటర్ లాంటిది ఉండాల్సిందే. పరమాణువుల మధ్య బలాల లెక్క కోసమే డి.ఇ.షా రీసెర్చ్ సంస్థ ప్రత్యేకంగా చిప్పులు చేయించి, 512 కలిపి కట్టిన యంత్రమది. 58 అమైనో ఆమ్లాల బీపీటీఐ ప్రొటీన్‌ను మిల్లీసెకను దాకా నడిపిన ఫలితాలు 2010లో వచ్చాయి. అవి చదివే నేను ఈ రంగంలోకి వచ్చాను.

యూపీఎస్ తప్పకుండా తీసుకోండి. ఎండాకాలం కరెంటు పోయినప్పుడు మమ్మల్ని కాపాడింది అప్పటిదాకా అయిన లెక్కను దాచిపెడుతూ గ్రోమాక్స్ 15 నిమిషాలకోసారి రాసే చెక్‌పాయింట్ ఫైలే.