హన్నా బేకరీనా, జెస్సికా టైప్‌రైటరా?

రక్తపాతం లేకుండా, ఇంటిల్లిపాదీ కూర్చుని చూడగల మర్డర్ మిస్టరీ కావాలంటే అమెరికన్ టీవీలో నాకు ముందు గుర్తొచ్చేవి రెండు. ‘మర్డర్, షీ రోట్’ 1984 నుంచి 1996 వరకు 12 సీజన్లు, 264 ఎపిసోడ్లు నడిచింది. ‘మర్డర్, షీ బేక్డ్’ 2015లో హాల్‌మార్క్ టీవీ చానల్ వాళ్లు మొదలుపెట్టిన టెలిఫిల్ముల వరస.

ఇందులో హన్నా స్వెన్సన్ (ఆలిసన్ స్వీనీ) మిన్నెసోటాలోని ఒక చిన్న ఊళ్లో బేకరీ నడుపుతుంది. మొదటి కథలోనే సరుకు తెచ్చే డ్రైవర్ హత్యకు గురవుతాడు. తెలిసిన మనిషి, ఇక ఆమె ఊరుకోగలదా? బేకరీ ఇక్కడ ఉత్త అలంకారం కాదు. ఊరంతా ఆ కౌంటర్ దగ్గరికే వస్తుంది, కుకీ తింటూ పోలీసులకు చెప్పని మాటలు ఆమెకు చెప్పేస్తుంది. కూతురి పెళ్లి గురించి పోరే తల్లి డెలోరెస్, డిటెక్టివ్ మైక్, డెంటిస్ట్ నార్మన్... ఈ సందడిలో హంతకుడెవరన్నది కాస్త వెనకబడుతుంది. నాకున్న అసంతృప్తి అదే.

‘మర్డర్, షీ రోట్’లోని జెస్సికా ఫ్లెచర్ దారి వేరు. ఏంజెలా లాన్స్‌బరీ పోషించిన ఈ రిటైర్డ్ ఇంగ్లిష్ టీచర్ డిటెక్టివ్ నవలలు రాస్తుంది. క్లూ మన కళ్లముందే ఉంటుంది, మనమే పట్టించుకోం. ఎవరో నోరుజారిన ఒక్క మాట చివర్లో ఆమెకు తడుతుంది. ఆ క్షణంలో లాన్స్‌బరీ ముఖం చూడాలి! ఈ పాత్రకు అమెరికన్ టీవీ అవార్డు ఎమ్మీకి 12 సార్లు నామినేషన్ వచ్చినా ఒక్కసారీ అవార్డు ఇవ్వలేదు. అన్యాయం.

బుర్రకు పని కావాలంటే జెస్సికా. టెన్షన్ లేకుండా ఆదివారం మధ్యాహ్నం గడవాలంటే హన్నా. నేనైతే జెస్సికాతోనే మొదలుపెట్టమంటాను, ఎపిసోడ్ గంటలోపే అయిపోతుంది కూడా.