వేసవి నడకకు ఏది మేలు: తెల్లవారుజామా, సాయంత్రం ఐదు గంటలా?

మార్చి వచ్చిందంటే గుంటూరులో వాకింగ్ చేసేవాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఇదే. అమ్మకు ఉబ్బసం ఉండటంతో గాలి లెక్కలు చూడటం నాకు అలవాటైంది, అందుకే అడుగుతారు. "ఎండ చల్లబడ్డాక సాయంత్రం వెళ్తే సరిపోదా అండీ?" వేడి ఒక్కటే చూసుకుంటే సరిపోతుంది. సాయంత్రానికి ఒళ్లు కూడా వదులవుతుంది, తోడు దొరుకుతుంది, వీధి కుక్కల బెడద తక్కువ. ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ నేను ముందుగా చూసేది మనం పీల్చే గాలిలో చేరి ఊపిరికి చేటు చేసే ఓజోన్ అనే వాయువును.

ఇది ఏ సైలెన్సర్ నుంచీ నేరుగా రాదు. బండ్ల పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లు, పెట్రోలు ఆవిరి, రంగుల ఆవిరి ఎండలో చర్య జరిపితే పుడుతుంది. అందుకే పొద్దెక్కే కొద్దీ పెరుగుతూ పోయి మధ్యాహ్నం బాగా పోగవుతుంది. ఐదింటికి ఎండ మెత్తబడినా ఆ పోగైన వాయువు వెంటనే ఎక్కడికీ పోదు. మే నెలలో మనకు పొద్దు గుంకేదే ఆరున్నరకు. ఆ తర్వాత కొత్తగా తయారు కాదు. ఉన్నదాన్ని బండ్ల తాజా పొగలోని నైట్రిక్ ఆక్సైడ్ హరిస్తుంది, ఆకులు, గోడలు, నేల కొంత లాగేసుకుంటాయి. రాత్రంతా అలా తరిగి, తెల్లవారేసరికి బాగా తక్కువకు వస్తుంది.

నా దృష్టిలో విషయం తేలేది ఊపిరి దగ్గర. కూర్చున్న మనిషి నిమిషానికి 6 నుంచి 8 లీటర్ల గాలి పీలిస్తే, వేగంగా నడిచే మనిషి దానికి మూడు నాలుగు రెట్లు పీలుస్తాడు. ఓజోన్ నీటిలో అంతగా కరగదు కాబట్టి ముక్కులోని తడి దాన్ని పూర్తిగా ఆపలేదు. అది ఊపిరితిత్తుల లోతుల దాకా వెళ్లి లోపలి పొరను ఒరిపిడి పెడుతుంది. గట్టిగా శ్వాస తీస్తే ఛాతీ పట్టేసినట్టుండటం, పొడి దగ్గు, ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం పెరగటం దీని లక్షణాలే. మాస్కు పెట్టుకుంటే చాలదా అంటారు. ఎన్95 ధూళి కణాలను ఆపుతుంది గానీ ఈ వాయువును ఆపదు.

"మేం రోడ్డు మీద కాదు, ఊరి బయట చెట్ల మధ్య నడుస్తాం" అనేవారికి ఒక మాట గట్టిగా చెప్పాలి. రద్దీ కూడలిలో తాజా పొగ ఓజోన్‌ను కొంత తినేస్తుంది. గాలివాలున ఉన్న శివార్లలో, పొలాల్లో దాన్ని తినేది తక్కువ. అందువల్ల పచ్చని చోట, ఆకాశం నిర్మలంగా ఉన్న సాయంత్రం కూడా ఓజోన్ ఊళ్లో కంటే ఎక్కువ ఉండొచ్చు. ఈ మాట పొగాకు పండించిన మన జిల్లా వాళ్లకు త్వరగా అర్థం కావాలి. అమెరికాలో 1950ల్లో పొగాకు ముదురాకుల పైభాగాన బూడిద, తెలుపు కలిసిన సన్నని మచ్చలు పడేవి. తెగులు కాదు, పురుగు కాదు. చివరికి ఆ మచ్చలకు కారణం ఓజోన్ అని తేలింది. ఆ వాయువు జాడ తెలుసుకోవటానికి బెల్-డబ్ల్యూ3 అనే పొగాకు రకాన్నే పెంచి చూశారు. పత్తి, గోధుమ దిగుబడులనూ అది తగ్గిస్తుంది. పొలంలో ఆకును అంత పని చేసే గాలిని రొమ్ము నిండా పీల్చడం నాకు మనసొప్పదు.

ఫోనులో ఏక్యూఐ, అంటే గాలి నాణ్యత సూచీ అంకె చూసి ధైర్యపడేవారూ ఉన్నారు. అందులో ధూళికి 24 గంటల సగటు, ఓజోన్‌కు 8 గంటల సగటు తీసుకుంటారు, ఏది ఎక్కువైతే అదే పైకి కనిపిస్తుంది. కాబట్టి ఆ ఒక్క అంకెతో ఓజోన్ సంగతి తెలియదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వారి సమీర్ యాప్‌లో మీకు దగ్గరి గాలి కొలిచే కేంద్రం తెరిచి ఓజోన్ వరుసను విడిగా చూడండి. మన దేశ ప్రమాణం 8 గంటలకు ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు, ఒక గంటకు 180.

కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో నా ఓటు ఉదయం ఐదున్నర, ఏడు మధ్యకే. ఉదయం కుదరని ఉద్యోగులు రాత్రి ఏడున్నర దాటాక, పెద్ద రోడ్డుకు దూరంగా ఏదైనా మైదానంలో నడవండి. ట్రెడ్‌మిల్ ఉంటే తలుపులు మూసి వాడుకోవచ్చు, బయటి కంటే లోపల ఓజోన్ తక్కువే. డిసెంబరు, జనవరి సంగతి వేరు. పొగమంచులో ధూళి కిందనే చిక్కుకుంటుంది కాబట్టి అప్పుడు ఎండ పడ్డాకే బయలుదేరాలి.

నాకు ఎక్కువ బెంగగా ఉన్నది పిల్లల గురించి. వేసవి సెలవుల్లో క్రికెట్, అథ్లెటిక్స్ శిబిరాలు చాలాచోట్ల సాయంత్రం నాలుగింటికే మొదలుపెట్టి పిల్లలను పరుగులు పెట్టిస్తారు. ఆ వయసులో ఊపిరితిత్తులు ఇంకా ఎదుగుతుంటాయి. మీ పిల్లలను చేర్చేముందు కోచ్‌ను అడగండి, ఉదయం బ్యాచ్ పెట్టమని. పది మంది తల్లిదండ్రులు కలిసి అడిగితే వాళ్లూ కాదనరు. పిల్లవాడికి ఉబ్బసం ఉంటే ఇన్‌హేలర్ సంచిలో పెట్టి, అది ఎలా వాడాలో కోచ్‌కు ముందే చూపించండి.