చీనీ నూనె, లైటర్ ఫ్లూయిడ్, నీలగిరి తైలం: నీళ్లకు ఊడని స్టాంపుకు ఏది కొనాలి?

కువైట్, అమెరికా, లండన్ నుంచి కవర్లు వచ్చే ఇళ్లు కడప, రాజంపేట, రాయచోటి వైపు తక్కువేం కాదు. వాటి మీది స్టాంపులు ఏరుకునేవాళ్లకు తెలిసిన విద్య ఒకటే: పళ్లెంలో నీళ్లు పోసి, కవరు ముక్క వేసి, ఇరవై నిమిషాలు ఆగడం. మన తపాలా శాఖ జిగురు స్టాంపులకు అది ఇప్పటికీ చాలు. స్టిక్కర్ రకం స్టాంపు దగ్గర మాత్రం చెల్లదు. గంటలు నానినా కవరు కాగితం పొట్టుపొట్టుగా లేస్తుందే గానీ, స్టాంపు వెనక బంక జీడిలా పట్టుకునే ఉంటుంది.

ఆ బంకను వదిలించడానికి కడపలో ఉన్నవాళ్లకు దొరికే సరుకులు మూడు: ఆరెంజ్ నూనె నుంచి తీసిన డి-లిమొనీన్, లైటర్ ఫ్లూయిడ్, నీలగిరి తైలం. ఏది కొనాలో ముందే చెప్పేస్తాం. రంగులేని డి-లిమొనీన్ కొనండి. లైటర్ ఫ్లూయిడ్ రెండో సీసాగా ఉంటే మంచిది. నీలగిరి తైలం జలుబుకే ఉంచుకోండి. అయితే సీసా మూత తీయకముందే, ఆ స్టాంపుకు అసలు ద్రావకం కావాలా అని చూసుకోవాలి. ఎక్కువ స్టాంపులు పాడయ్యేది ఇక్కడే.

భూతద్దం కింద అంచు చూడండి. జిగురు స్టాంపును షీటు నుంచి చించుతారు కాబట్టి పళ్ల కొసన కాగితం పీచు లేచి ఉంటుంది. స్టిక్కర్ స్టాంపు అంచును అచ్చుతో కోస్తారు. అలలు అలలుగా ఉన్నా నున్నగా ఉంటుంది, పీచు కనపడదు. స్టిక్కర్ అని తేలాక దేశం, కాలం చూడాలి. అమెరికా 1989లో ఈ రకాన్ని మళ్లీ మొదలుపెట్టినప్పుడు, సేకరించేవాళ్ల కోసం స్టాంపు కాగితానికీ బంకకూ మధ్య నీళ్లలో కరిగే పొర ఒకటి వేసేవారు. 2000 తర్వాత తొలి కొన్నేళ్ల దాకా వచ్చిన అమెరికా స్టాంపులు చాలావరకు గోరువెచ్చని నీళ్లలో అరగంట నుంచి గంటలో వాటంతటవే ఊడతాయి. తర్వాతి అమెరికా స్టాంపులకు ఆ పొర లేదు. బ్రిటన్‌లో రాణి తలతో రోజువారీ వాడకానికి అప్పట్లో వచ్చిన చిన్న స్టాంపులకు 2009లో భద్రతా కోతలు (ఊడదీసి మళ్లీ వాడబోతే చినిగేలా పెట్టే గాట్లు) పెట్టారు, ఆ పొరా తీసేశారు. ద్రావకం ఖర్చు చేయాల్సింది ఇలాంటివాటి మీదే. ఏ రకమో తేలకపోతే, మామూలుగా దొరికే స్టాంపు ఒకటి తీసుకుని ముందు నీళ్లలో వేసి చూడండి.

ఇక సరుకు సంగతి. డి-లిమొనీన్ అంటే మన చీనీకాయ తొక్క నలిపితే చిమ్మే నూనె. చీనీ, నారింజ తొక్క నూనెలో తొంభై శాతం పైన అదే. అనంతపురం, కడప తోటల్లో ఇంత చీనీ పండుతుంటే సీసా కొనడమెందుకు, తొక్కే పిండుకోవచ్చు కదా అనిపిస్తుంది. పనికిరాదు. తొక్క నుంచి నూనెతో పాటు పసుపు రంగు, మైనం, రసం కూడా వస్తాయి, తెల్ల స్టాంపు మీద మరక మిగులుతుంది. ఆన్‌లైన్‌లో ఎసెన్షియల్ ఆయిల్ పేరుతో వచ్చే పసుపుపచ్చటి ఆరెంజ్ నూనెకూ ఇదే లోపం. కావాల్సింది మరిగించి ఆవిరిని చల్లార్చి తీసిన, నీళ్లలా తేటగా ఉండే రకం. కాలేజీ ల్యాబులకు సరుకు వేసే కెమికల్ దుకాణంలో అడగండి, లేకపోతే ఆన్‌లైనే గతి.

అంగట్లో ఆరెంజ్ వాసన స్ప్రేలు చాలా ఉంటాయి. ఎక్కువ భాగం నీళ్లూ సెంటూ. వీటిని పట్టుకోవడం తేలిక: చిన్న థర్మకోల్ ముక్క మీద ఒక చుక్క వేయండి. డి-లిమొనీన్ థర్మకోల్‌ను కరిగిస్తుంది, గుంట పడుతుంది. నీళ్ల సరుకైతే చుక్క అలాగే నిలుస్తుంది. థిన్నర్, అసిటోన్ కూడా థర్మకోల్‌ను తినేస్తాయి కాబట్టి వాసన కూడా చూసుకోవాలి. రెండో పరీక్ష: తెల్ల కాగితం మీద ఒక చుక్క వేసి రాత్రంతా ఆరనివ్వండి. పొద్దున్నకు పసుపు వలయం మిగిలితే ఆ సీసాను స్టాంపుల దగ్గరికి రానీయకండి. ఈ థర్మకోల్ గుణం ఒక హెచ్చరిక కూడా: గట్టి పారదర్శక ప్లాస్టిక్ డబ్బా మూతల్లో చాలా వాటిది ఇదే పదార్థం, వాటిలో పని పెట్టుకుంటే మూత కరిగి స్టాంపుకు అంటుతుంది. గాజు ముక్క గానీ స్టీలు పళ్లెం గానీ వాడండి.

పని ఇలా సాగాలి. స్టాంపు చుట్టూ సెంటీమీటరు వదిలి కవరు కత్తిరించండి. స్టాంపు బొమ్మ కిందికి వచ్చేలా పళ్లెంలో పెట్టి, కవరు కాగితం మీద డ్రాపర్‌తో నాలుగైదు చుక్కలు వేయండి. మామూలు చిన్న సైజు స్టాంపుకు పావు మిల్లీలీటరు సరిపోతుంది. ఆ లెక్కన 30 మి.లీ. సీసా వంద స్టాంపుల పైనే వస్తుంది. నిమిషం, రెండు నిమిషాల్లో కాగితం నూనె పీల్చి అద్దంలా అవుతుంది. అప్పుడు ఒక మూల కొద్దిగా వంచితే స్టాంపుకూ కాగితానికీ మధ్య సందు కనిపిస్తుంది. స్టాంపును చదునుగా నొక్కి ఉంచి, కాగితాన్నే వెనక్కి మడుస్తూ ఒలవండి. స్టాంపును పట్టి లాగితే చుట్టుకుపోయి మడత పడుతుంది, ఆ మడత ఇక పోదు. ఎక్కడైనా పట్టేస్తే లాగకండి, అక్కడే రెండు చుక్కలు వేసి ఆగండి. బ్రిటన్ స్టాంపుల కోతల దగ్గర ఇది మరీ ముఖ్యం, చినిగేది అక్కడే.

ఊడాక వెనక బంక ఇంకా జిగటగా ఉంటుంది. దూది పుల్లను ద్రావకంలో ముంచి, మధ్య నుంచి అంచులకు తుడవాలి. దూది ప్రతిసారీ మార్చాలి, లేదంటే ఒక చోటి బంక ఇంకో చోటికి చేరుతుంది. చివరికి గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క కలిపిన గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచి, మంచినీళ్లలో కడిగి, బ్లాటింగ్ పేపర్ల మధ్య పుస్తకం బరువు కింద రాత్రంతా ఉంచండి. స్టాంపు మీది తపాలా ముద్ర సిరా నీళ్లకు పాకే రకమైతే కడగడం మానేసి, వెనక టాల్కం పౌడర్ పలచగా అద్ది మెత్తటి బ్రష్‌తో దులపండి. పౌడర్ బంకను తీయదు, కప్పుతుంది అంతే. తర్వాత ఎండకాలంలో ఆ బంక మళ్లీ పైకి తేలొచ్చు.

పని చెడేది సాధారణంగా కవరు వల్ల. బబుల్ కవరుకు ప్లాస్టిక్ పూత ఉంటుంది, ద్రావకం వెనక నుంచి దిగదు. అంచున చుక్క వేసి సందులోకి పంపాలి, ఓపిక కావాలి. ఖాకీ, రంగు కవర్ల రంగు కరిగి స్టాంపులోకి దిగొచ్చు. పోస్టుమ్యాన్ బాల్‌పెన్‌తో కొట్టేసిన గీత ఉంటే అదీ పాకొచ్చు. ఈ మూడింటిలో ఏది ఉన్నా, స్టాంపు కాస్త విలువైనదైతే, ఊడదీయకుండా సెంటీమీటరు కాగితంతోనే దాచుకోవడం మేలు. ముద్ర మొత్తం అందంగా పడి ఉంటే ఎలాగూ ముక్కతోనే ఉంచాలి.

లైటర్ ఫ్లూయిడ్ గురించి. పాన్ షాపులో అడిగితే ఎక్కువగా గ్యాస్ రీఫిల్ డబ్బా చేతిలో పెడతారు. అది బ్యూటేన్, దీనికి పనికిరాదు. వత్తి ఉండే లైటర్లలో పోసే ద్రవం కావాలి. ఇది మరక మిగల్చకుండా ఆరిపోతుంది, స్టాంపు వాటర్‌మార్కు (కాగితంలోనే దాగి ఉండే గుర్తు) చూడటానికీ పనికొస్తుంది. లోపం ఏమిటంటే మన ఎండకు కాగితంలో ఇంకేలోపే ఆవిరైపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పూట ఒక్క స్టాంపుకే చాలా చుక్కలు పోతాయి. అందుకే ఒలవడానికి లిమొనీన్, చివర జిడ్డు తుడవడానికి ఇది, అలా జత కలిపితే బాగుంటుంది.

మంట విషయంలో రెండూ ఒకటి కాదు. లైటర్ ఫ్లూయిడ్ ఆవిరి ఏ కాలంలోనైనా అంటుకుంటుంది, పైగా గాలి కన్నా బరువు, నేల మీదే పాకుతుంది. దోమల చక్రం, అగరొత్తి, గ్యాస్ పొయ్యి ఉన్న గదిలో సీసా తెరవనే కూడదు. లిమొనీన్ సుమారు 48 డిగ్రీల దగ్గర అంటుకునే ఆవిరి ఇస్తుంది. వేరే ఊళ్లలో అది దూరపు మాట. కడప ఎండలో రేకుల షెడ్డు కింద ఆ వేడి రావడం వింత కాదు. పొద్దున్నే, కిటికీలు తీసి చేయండి. చేతులకు నైట్రైల్ గ్లౌజులు వేసుకోండి, గాలి తగిలి పాతబడిన లిమొనీన్ కొందరి చర్మానికి దద్దుర్లు తెప్పిస్తుంది.

నీలగిరి తైలం ప్రతి మందుల షాపులో ఉంటుంది, అదొక్కటే దాని మంచి గుణం. బంకను మెత్తబరుస్తుంది కానీ నెమ్మది, వాసన ఆల్బమ్‌ను వదలదు. కిరోసిన్ జిడ్డు మిగులుస్తుంది, పెట్రోలుకు రంగు కలుపుతారు, గోళ్ల రంగు తీసే ద్రవం స్టాంపు సిరానే తినొచ్చు.

వాడని స్టిక్కర్ స్టాంపులకు ఈ సరుకులేవీ అక్కర్లేదు. వెనక కాగితం ఒలవకండి, అంతే. ఒక స్టాంపు కావాలంటే బుక్‌లెట్ నుంచి చుట్టూ కాగితం వదిలి కత్తిరించండి. ప్రపంచంలో మొదటి స్టిక్కర్ స్టాంపు 1964లో సియెర్రా లియోన్‌ది. అమెరికా 1974 క్రిస్మస్‌కు 10 సెంట్ల పావురం బొమ్మ స్టాంపుతో ప్రయత్నించింది. దాని బంక కాగితంలోకి ఊరి గోధుమ మచ్చలు తెచ్చింది. ఇప్పుడు దొరికే వాటిలో చాలా వాటికి ఆ మచ్చలు ఉంటాయి, ఏ ద్రావకమూ వాటిని పోగొట్టదు. తర్వాతి బంకలు మెరుగే అయినా, మిద్దె మీది గదిలో పడమటి గోడకు ఆనించిన ఇనుప బీరువాలో పెడితే అంచుల్లోంచి ఊరి పక్క పేజీకి అంటుతాయి. కింది అంతస్తులో, స్టాక్‌బుక్‌ను (స్టాంపులు దాచే పుస్తకం) నిలబెట్టి, మీద బరువు లేకుండా ఉంచండి. మధ్యలో గ్లాసిన్ అనే నున్నటి పలచని కాగితం వేయండి. పీవీసీ కవర్లు వద్దు, పాలిస్టర్‌వి తీసుకోండి.

డి-లిమొనీన్ పెద్ద సీసా చవకని కొనకండి. తెరిచాక గాలి తగిలి చిక్కబడుతుంది, తానే జిగట మిగల్చడం మొదలుపెడుతుంది. 30 మి.లీ. సీసా, మూత బిగించి, చీకటి చోట. కొన్నాళ్లు వాడకుండా ఉంచితే తెల్ల కాగితం పరీక్ష మళ్లీ చేసుకోండి.