సన్ జూనా, కౌటిల్యుడా?

బిజినెస్ స్ట్రాటజీ అనగానే అందరూ పాతకాలపు చైనా యుద్ధ నిపుణుడు సన్ జూ అంటారు, ఆయన పుస్తకం ‘ఆర్ట్ ఆఫ్ వార్’ చదవడం కూడా ఈజీనే, 13 చిన్న అధ్యాయాలు, ఓ సాయంత్రం కూర్చుంటే అయిపోతుంది. ఆయన గోలంతా ఒకటే, యుద్ధం లాగితే ఖజానా ఖాళీ అవుద్ది, బలమున్న చోట తలపడకు, ఖాళీ ఉన్న చోట కొట్టు. సర్ఫ్ పట్టించుకోని చవక మార్కెట్లోకి నిర్మా దూరింది కదా, అచ్చం అదే.

కౌటిల్యుడు అలా కాదండీ బాబూ. ఆయన అర్థశాస్త్రం 15 అధికరణాలు, అంటే 15 పెద్ద భాగాలు, అందులో యుద్ధం ఒక ముక్క మాత్రమే, మిగతాదంతా పన్నులు, గనులు, తూనికలు, కోర్టులు, ఆఖరికి ఉద్యోగులు డబ్బు నొక్కేసే 40 పద్ధతులు కూడా లెక్కేసి రాశాడు! నీళ్లలో చేప ఎప్పుడు నీళ్లు తాగిందో ఎలా తెలీదో, ఖజానా ఉద్యోగి ఎప్పుడు తిన్నాడో కూడా అలాగే తెలీదంటాడు.

గూఢచారుల మీద ఇద్దరికీ ఒకటే పిచ్చి. కాకపోతే సన్ జూ వాళ్లని శత్రువు మీదకి పంపితే, ఈయన సొంత మంత్రుల మీద కూడా పెడతాడు.

కొత్తగా మార్కెట్లోకి దిగే చిన్న కంపెనీ అయితే సన్ జూ చాలు. కంపెనీ పెరిగి, పార్ట్‌నర్లు, అకౌంట్లు, లోపలి రాజకీయాలు మొదలయ్యాక మాత్రం నా ఓటు కౌటిల్యుడికే.